పక్కింటి రోకలి పోటు

మా అత్తయ్యగారికి వినికిడి తక్కువని ఇంట్లో అందరం తీర్మానించేశాం. పిలిస్తే ఒక పట్టాన పలకరు. కుక్కరు నాలుగు కూతలు కూసినా, “ఎన్నొచ్చాయే?” అని నన్నే అడుగుతారు. అలాంటి మనిషి పోయిన సంక్రాంతికి, కనుమ నాడు, హాల్లో దివాను మీద కూర్చుని పాట వింటూ వింటూ చటుక్కున తలెత్తి, “పండగ పూట పక్కింట్లో ఎవరే, రోట్లో దంచుతున్నారు?” అన్నారు.

మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. పక్కింట్లో రోలూ లేదు, రోకలీ లేదు. దంచుతున్నది మా ఇంట్లోనే. మా వారు పండగ బోనస్‌తో కొని తెచ్చి, మూలన ప్రతిష్ఠించిన నల్లపెట్టె అది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. పేరు సబ్‌వూఫర్. నేను దానిమీద లేసు గుడ్డ పరిచి, మనీప్లాంట్ సీసా పెట్టాను. పాట మొదలవగానే సీసాలో నీళ్ళు వణకడం చూసి తీసేశాను.

అక్కడితో అయితే నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ ఆ సాయంత్రం మా అబ్బాయి వాళ్ళ తాతగారి కేసెట్ పెట్టాడు. మావయ్యగారు తాలూకాఫీసులో గుమాస్తా. సాయంత్రం అయిందంటే మాత్రం మృదంగం. 1986లో తెనాలిలో, శ్రీరామనవమి పందిట్లో ఆయన వాయించిన కచేరీని ఎవరో పుణ్యాత్ములు టేప్‌రికార్డర్‌లో ఎక్కించి ఇచ్చారు. ఆయన 2009లో పోయారు. ఆ కేసెట్‌ని అత్తయ్యగారు వంటింటి అలమారలో ఉన్న పాత టూ-ఇన్-వన్‌లో ఎన్ని వందలసార్లు విని ఉంటారో! టేపు అరిగిపోతుందని మావాడు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కొత్త హంగులతో బామ్మకి వినిపించి సంతోషపెడదామని వాడి సరదా.

కుడిచేతి నాదం ఎదురుగా ఉన్న స్పీకర్లలోంచి వచ్చింది. ఎడమచేతి నాదం మూలనుంచి, గోడ అవతల ఎవరో మూట కింద పడేసినట్టు, ‘దబ్బు దబ్బు’ మంటూ వచ్చింది. ఆవిడ రెండు నిమిషాలు విన్నారు. “ఇది ఆయన చెయ్యి కాదురా,” అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మా వారి ముఖం చూడాలి! పెట్టె వెనక్కి ఇచ్చేద్దామన్నారు. నేనే ఆగమన్నాను. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. నాకొచ్చిన విద్యల్లా ఒక్కటే, ఏ తగువైనా ఎప్పుడు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్ళి చూడటం. చూస్తే, మా హాల్లో తగువు వయసు వందేళ్ళ చిల్లర!

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ చేసిన దగ్గర్నుంచి 1925 దాకా, పాటని పట్టుకోవడానికైనా వినిపించడానికైనా బాకా ఒక్కటే ఆధారం. కరెంటు ప్రసక్తి లేదు. గాయకుడు బాకాలోకి తలపెట్టి పాడితే, ఆ ఊపుకే సూది కదిలి మైనం మీద గీత గీసేది. సెకనుకి సుమారు 250 కంపనాలకి దిగువన ఉండే మంద్రం ఆ గీతలోకి దాదాపు ఎక్కేదే కాదు. అందుకని పాశ్చాత్యులు వాద్యగోష్ఠిలో పెద్ద తంత్రీవాద్యాన్ని పక్కన పెట్టి, దాని బదులు ట్యూబా అనే ఊదే వాద్యాన్ని కూర్చోబెట్టేవారు. మన తాతమ్మలు విన్న కుక్కబొమ్మ రికార్డుల్లోనూ మృదంగం ఎడమచెయ్యి చాలావరకు దారిలోనే రాలిపోయింది.

మరి వాళ్ళు అంత మురిసిపోతూ ఎలా విన్నారు? ఇక్కడే చెవి మనకి తెలియకుండా ఒక ఉపకారం చేస్తుంది. ఏ స్వరమైనా ఒంటరిగా రాదు, పైన తన అనుస్వరాలను వెంటేసుకుని వస్తుంది. అడుగున ఉండే అసలు స్వరం అందకపోయినా, పైవాటి మధ్య ఉన్న పొందికని బట్టి మన మెదడు ఆ అడుగుని తనే కల్పించుకుంటుంది. వీధి చివర వెళ్ళే మనిషి ముఖం కనపడకపోయినా నడకని బట్టి ఫలానా వాళ్ళని పోల్చుకోమూ? అలాగన్నమాట. అత్తయ్యగారి టూ-ఇన్-వన్‌లో ఉన్నది కొబ్బరిచిప్ప అంత స్పీకరు. అందులోంచి మావయ్యగారి ఎడమచెయ్యి వచ్చింది చాలా తక్కువ. మిగిలినదంతా ఇన్నేళ్ళూ ఆవిడ చెవీ, జ్ఞాపకమూ కలిసి పూరించాయి. ఆ ఖాళీలో మేం ఇంకెవరి చెయ్యో తెచ్చి పెట్టాం. ఆవిడకి కోపం రాదూ?

సరే, కథలోకి వద్దాం. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు బాకా అవసరం లేని స్పీకరు చేశారు. కాగితపు గరాటు, దాని మొదట్లో తీగచుట్ట, వెనక అయస్కాంతం. కరెంటు వచ్చినప్పుడల్లా గరాటు ముందుకీ వెనక్కీ కదిలి గాలిని నెడుతుంది. ఈనాటికీ మన టీవీలో, కారులో, చెవిలో పెట్టుకునే బటన్లలో ఉన్నది చాలామటుకు ఆ పద్ధతే.

చిక్కేమిటంటే, మంద్రస్వరం పలకాలంటే గాలిని బోలెడంత నెట్టాలి, దానికి పెద్ద గరాటు కావాలి. తారస్వరానికి సెకనుకి వేలసార్లు కదలాలి, దానికి చిన్నదీ తేలికైనదీ కావాలి. రెండు పనులూ ఒక్కదానికే అప్పగిస్తే ఏనుగు చేత ముగ్గు పెట్టించినట్టే. అందుకని పని పంచారు. కింది స్వరాల దానికి కుక్క మొరుగుని బట్టి వూఫర్ అనీ, పై స్వరాల దానికి పిట్ట కూతని బట్టి ట్వీటర్ అనీ పేర్లు. ఏది ఎంతవరకు పలకాలో చెప్పి పొలిమేర గీసే ఏర్పాటుకి క్రాసోవర్ అని పేరు. ఇక్కడే మొదలైంది అసలు తంటా. ఉమ్మడి కుటుంబంలో వేరు పడటం సుళువే. వేరుపడ్డాక పదిమందిలోకి వెళ్ళినప్పుడు ఒకే ఇంటివాళ్ళలా కనిపించడం కష్టం.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఒక నాట్యకత్తె పాదాల చుట్టూ నడిచింది. 1933 ఏప్రిల్ 27న బెల్ లాబొరేటరీస్ వాళ్ళు ఒక వింత చేశారు. ఫిలడెల్ఫియాలో వాద్యగోష్ఠి వాయిస్తుంటే తీగల మీదుగా ఆ సంగీతాన్ని వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకి తెచ్చి వినిపించారు. వేదిక మీద మనుషులు లేరు, స్పీకర్లే. స్తొకోవ్‌స్కీ అంతటి సంగీత దర్శకుడు హాల్లో కూర్చుని మీటలు తిప్పారు. దీని వెనక ఉన్న శాస్త్రవేత్త హార్వే ఫ్లెచర్. మంద్రానికీ తారానికీ వేరువేరు బాకా స్పీకర్లు పెట్టిన ఈ ఏర్పాటు చూసి సినిమావాళ్ళ నోరూరింది. అప్పటికి ‘జాజ్ సింగర్’ వచ్చి ఆరేళ్ళు. మాటలొచ్చాయి కానీ థియేటర్లలో శబ్దం ఇంకా డబ్బాలో గులకరాళ్ళే.

ఎం.జి.ఎం. స్టూడియోలో శబ్ద విభాగానికి పెద్ద డగ్లస్ షియరర్. నటి నార్మా షియరర్‌కి స్వయానా అన్న. ఆయన దగ్గర జాన్ హిలియర్డ్ అనే ఇంజనీరు ఉండేవాడు. 1935 ప్రాంతంలో ఎలినార్ పవెల్ టాప్ డాన్సుని ఫ్లెచర్ తరహా స్పీకర్లలో వేసి చూస్తే, ఆవిడ బూటు మడమ ఒక్కసారి నేలని తాకితే రెండు చప్పుళ్ళు వినిపించాయట! ఆవిడేమో మెరుపు వేగంతో, ఒక్క తప్పు లేకుండా ఆడే మనిషి. తప్పు స్పీకర్లది. మంద్రం పలికే బాకా బాగా పొడుగు, తారం పలికేది పొట్టి. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఎనిమిది అడుగులు ఎక్కువ నడవాలంటే సెకనులో వెయ్యో వంతులు ఏడు ఆలస్యం. అదెంతని మనం అనుకుంటాం. వయొలిన్ సాగదీసిన స్వరంలో ఈ తేడా దాక్కుంటుంది, పాటలో కలిసిపోతుంది. నాట్యకత్తె అడుగులో మాత్రం దాక్కోలేదు. అడుగంటే అడుగే కదా!

మంద్రపు బాకాని మడిచి పొట్టిగా చేసి, రెండూ దాదాపు ఒకే వేళకి ప్రేక్షకుల చెవిన పడేట్టు సర్దారు. దాన్నే షియరర్ హార్న్ అన్నారు. 1936 సంవత్సరానికి ఆస్కార్ వాళ్ళ సాంకేతిక బహుమతి వచ్చింది. ఇద్దరాడవాళ్ళు ఒకే రోట్లో దంచుతుంటే చూశారా? ఎవరి రోకలి బరువు వాళ్ళదే, ఎవరి జబ్బ సత్తువ వాళ్ళదే. కానీ వరస తప్పితే పప్పు నలగడం మాట అటుంచి, రోకళ్ళు రెండూ గాల్లో కొట్టుకుంటాయి. హాలీవుడ్ కనిపెట్టింది అదే, కాకపోతే ఖర్చు ఎక్కువైంది.

థియేటరు సంగతి సరే, ఇంటి సంగతో? 1946లో పాల్ క్లిప్ష్ అనే ఆయన చేసిన క్లిప్ష్‌హార్న్‌ని గది మూలన పెట్టాలి. ఆ రెండు గోడలూ బాకాకి పొడిగింపుగా పనిచేస్తాయి. తెలివైన ఆలోచనే. పెట్టె మాత్రం బట్టల బీరువాకి చెల్లెలు.

పెట్టెని చిన్నది చేసిన ఘనత ఎడ్గర్ విల్చర్‌ది. గరాటు చుట్టూ ఉండే బిగువైన అంచు తీసేసి, మెత్తని అంచు పెట్టి, పెట్టెని గాలి చొరకుండా మూసేస్తే, లోపల చిక్కిన గాలే స్ప్రింగులా గరాటుని వెనక్కి లాగుతుందని ఆయన ఊహ. పాత స్పీకరు ఒకటి తెచ్చి అంచు కత్తిరించాడు. కొత్త అంచుకి నమూనా తయారుచేసింది ఆయన భార్య రోజ్‌మేరీ. దానికి వాడింది పరుపులు కుట్టే గుడ్డ! ఆ ప్రయోగంలోంచే 1954లో ఎ.ఆర్-1 అనే స్పీకరు పుట్టింది. పుస్తకాల అరలో పట్టేంత పెట్టెలోంచి బీరువాలంతటి వాటిని తలదన్నే మంద్రం వచ్చింది. తర్వాత ముప్ఫయ్యేళ్ళకి అమెరికా హైఫై పత్రికలవాళ్ళు, ఫలానా స్పీకరుని భార్య హాల్లో పెట్టనిస్తుందా లేదా అన్నదాన్ని ఒక కొలమానంగా చేసి హాస్యాలాడుకున్నారు. నాకు మటుకు ఆ హాస్యం రుచించలేదు. పరుపు గుడ్డ సంగతి వాళ్ళు మరిచిపోయినట్టున్నారు.

1957-58లో స్టీరియో రికార్డులొచ్చాయి. ఒక పెట్టె బదులు రెండు. ఇళ్ళు మాత్రం అవే. అప్పుడు కొందరికి తట్టింది, రెండు పెద్ద పెట్టెలెందుకు, మంద్రానికి ఉమ్మడిగా ఒక్కటి చాలదా అని. కాలిఫోర్నియాలోని ఎల్ సెరిటోకి చెందిన రేమన్ డోన్స్ 1964లో అలాంటి పెట్టెకి పేటెంట్ తీసుకున్నాడు. సబ్‌వూఫర్ పేరిట తొలి పేటెంట్ అదేనంటారు. ఒక్కటి ఎలా చాలుతుందంటే, బాగా కిందిస్వరం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పసికట్టలేదు. సెకనుకి 80 కంపనాల స్వరంలో ఒక్కొక్క అల పొడుగు 14 అడుగులు. మన రెండు చెవుల మధ్య జానెడైనా లేదు. ఆ అల కుడినుంచి వచ్చిందో ఎడమనుంచి వచ్చిందో అంత చిన్న దూరంలో ఏం తేలుతుంది? తర్వాత్తర్వాత టామ్లిన్సన్ హోల్‌మన్ ఇళ్ళల్లో సినిమా ధ్వనికి టి.హెచ్.ఎక్స్. నియమాలు పెట్టినప్పుడు పొలిమేర 80 దగ్గర గీసింది అందుకే. అంతకు పైకి పోనిస్తే పెట్టె తన చిరునామా తనే చెప్పేసుకుంటుంది.

మధ్యలో సినిమావాళ్ళు మళ్ళీ ఓ అల్లరి చేశారు. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ సినిమాకి సెన్సరౌండ్ అని పెట్టి, థియేటర్లో భూకంపాన్ని కుర్చీల కిందికి తెచ్చారు. లాస్ ఏంజెలెస్‌లో గ్రామన్స్ చైనీస్ థియేటర్లో పైకప్పు పెచ్చులు జనం నెత్తిన పడకుండా వల కట్టాల్సి వచ్చింది. 1992లో డాల్బీ డిజిటల్ వచ్చాక గర్జనలకీ పేలుళ్ళకీ వేరే దారే ఏర్పడింది. 1997లో డీవీడీలతో అది ఇళ్ళల్లోకి దిగింది. అంతకు పదేళ్ళ ముందే, 1987లో, బోస్ కంపెనీ అరచేతిలో పట్టే స్పీకర్లు పైన పెట్టి, మంద్రపు పెట్టెని సోఫా వెనక దాచేయమంది. ఇంత చరిత్ర జరిగాక కానీ ఆ నల్లపెట్టె మా విజయవాడ ఫ్లాటుకి చేరలేదన్నమాట.

ఇక పొలిమేర దగ్గర తగువు తీర్చిన ఇద్దర్ని తలుచుకోకపోతే పాపం. హ్యూలెట్-ప్యాకర్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ. 1976లో వాళ్ళ సిద్ధాంతం వెలువడింది. పొలిమేర దగ్గర ఇద్దరూ చెరి సగం గొంతుతో పలకాలి, ఒకరు ముందుకి వచ్చినప్పుడు రెండోవారూ ముందుకే రావాలి. అలాగైతే రెండు సగాలూ కలిసి సరిగ్గా ఒకటవుతాయి. ఒక గరాటు ముందుకి నెడుతుంటే రెండోది వెనక్కి లాగిందా, రెండూ మోగుతూనే ఉంటాయి, మధ్యలో స్వరం మాయమైపోతుంది! అత్తా కోడలూ చెరో వైపు నించుని దుప్పటి మడత పెట్టినట్టుండాలి వ్యవహారం.

ఇంతా చదివాక పెట్టె వెనక్కి వెళ్ళి చూశాను. మూడు మీటలున్నాయి. మా వారు మూడింటినీ మూడు వంతులు తిప్పేసి ఉంచారు. డబ్బు పెట్టి కొన్నాం కదా, మోగాలని! పొలిమేర మీట 150 దగ్గరుంది. ముందున్న జత స్పీకర్లేమో మా పెళ్ళికి ముందునుంచీ ఉన్నవి, ఘనమైనవి, ఎవరి సాయమూ లేకుండానే బాగా కిందికి దిగగలవి. అంటే మధ్యలో ఉన్న స్వరాలన్నీ ఇటు వీటిలోనూ అటు దానిలోనూ రెండేసిసార్లు పలుకుతున్నాయి. ఇద్దరు వంటవాళ్ళు ఎవరికి వారు ఉప్పు వేసిన పులుసు. మావయ్యగారి ఎడమచెయ్యి సరిగ్గా ఆ పులుసులోనే పడింది. మీటని 60కి దించాం. రెండోది ముందుకీ వెనక్కీ వరస కుదిర్చే మీట. దాన్ని అటూ ఇటూ మార్చి, దివాను దగ్గర మంద్రం నిండుగా వినిపించిన వైపు ఉంచాం.

తర్వాత స్థలం. మంద్రపు అలలు గది కన్నా పొడుగు కాబట్టి గోడల మధ్య ఎదురు తిరిగి ఒక చోట పోగుపడతాయి, ఇంకో చోట ఒకదాన్నొకటి మింగేస్తాయి. మూలన పెడితే ఇది మరీ రేగుతుంది. హర్మన్ కంపెనీ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో లెక్కలు కట్టి, నాలుగు పెట్టెల్ని నాలుగు గోడల నడుమా పెడితే గదంతా సమంగా ఉంటుందన్నాడు. నాలుగు బియ్యం డబ్బాలు పెట్టడానికి మాకు హాలుందా? ఒక్క పెట్టెతో సర్దుకునేవాళ్ళకి వేరే చిట్కా ఉంది. పెట్టెని తీసుకెళ్ళి వినేవాళ్ళు కూర్చునే చోట పెట్టి, వినేవాళ్ళే గోడల వెంబడి దోగాడాలి. ఎక్కడ మంద్రం ఉబ్బకుండా, చిక్కకుండా వినిపిస్తుందో అక్కడే పెట్టె పెట్టాలి. పెట్టెకీ చెవికీ తావులు మార్చినా గది చేసే న్యాయం ఒకటే కనక ఇది ఫలిస్తుంది.

ఆదివారం పొద్దున్న నల్లపెట్టె దివాను మీద అత్తయ్యగారి చోట దర్జాగా కూర్చుంది. యాభై దాటిన మా వారు చెవి నేలకి ఆనించి గోడ పక్కన దోగాడారు. పనిమనిషి గుమ్మంలో చీపురుతో నిలబడి, “అయ్యగారికి ఏం పారేసుకున్నారమ్మా?” అంది. పొడుగు గోడకి నడుమ, పుస్తకాల బీరువా పక్కన స్థలం కుదిరింది. ఇక చివరి మీట, ధ్వనిది. పెట్టె మోగుతున్నట్టు తెలిసినంతసేపూ తగ్గిస్తూ పొమ్మన్నాను. ఆయనకి ప్రాణం ఒప్పలేదు. తగ్గించారు.

మృదంగానికి కుడి మూత మధ్యలో ఉండే నల్లటి కరణే వల్లే ఆ నాదానికి శ్రుతి కుదురుతుందని సి.వి. రామన్ 1920లోనే రాశారు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నారాయన. ఎడమ మూతకి, తొప్పి అంటారు దాన్ని, ఆ నలుపుండదు. కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద అంటించి, బరువెక్కించి, మంద్రానికి దించుతారు. కచేరీ అయ్యాక గోకి తీసేస్తారు. ఇదంతా మా ఇంట్లో నాకు తెలియదు. నేను కాపురానికొచ్చేసరికి మావయ్యగారి చేతులు వణకడం మొదలై, మృదంగం అటకెక్కింది.

ఆ సాయంత్రం అత్తయ్యగార్ని బతిమాలి దివాను మీద కూర్చోబెట్టాం. కేసెట్ మొదలైంది. పందిట్లో పిల్లల గోల, ఎవరో దగ్గడం, తర్వాత పాట, ఆ వెనక తని ఆవర్తనం. నాకు రెండు చేతులూ ఒకే మనిషివిగా, ఎదురుగా, ఒకే చోట వినిపించాయి. ఆవిడ ముఖంలో ఏమీ కనిపించలేదు. వేళ్ళు మాత్రం మోకాలి మీద కదులుతున్నాయి.

అయ్యాక, “ఆ పెట్టె ఇచ్చేశారా?” అన్నారు.

“లేదత్తయ్యా, బీరువా పక్కనుంది. ఇప్పుడూ మోగింది,” అన్నాను.

ఆవిడ అటు చూడలేదు. కాసేపటికి, “ఆవేళ తొప్పికి రవ్వ కాస్త ఎక్కువైంది. నేను కలిపిచ్చిందే,” అన్నారు.